ఓవెన్ పాఠాలు – 4: యాపిల్ ముక్కలు వేసినా పొంగే పాన్‌కేక్

పోయిన పాఠంలో ఓవెన్ డయల్ మీద ఉన్న అంకెకీ, లోపల నిజంగా ఉన్న వేడికీ తేడా ఎలా కనిపెట్టాలో చూశాం. థర్మామీటర్ కొని లోపల తగిలించినవాళ్లకి ఇవాళ్టి పాఠం సగం వచ్చేసినట్టే. కొననివాళ్లు ముందు ఆ పని చూడండి. ఇవాళ చేసే పాన్‌కేక్‌లో బేకింగ్ పౌడర్ లేదు, సోడా లేదు, ఈస్టు లేదు, రాత్రంతా పులియబెట్టడం అసలే లేదు. పొంగించేది వేడి ఒక్కటే. అది చాలకపోతే మీకు దక్కేది మైదా కలిపిన ఆమ్లెట్టు.

దీని పుట్టిల్లు జర్మనీ అంటారు గానీ, అక్కడివాళ్లు యాపిల్ పాన్‌కేక్‌ని ఎక్కువగా పొయ్యి మీదే, పెనంలో తిరగేసి కాలుస్తారు. ఓవెన్‌లో పెట్టి బుట్టలా పొంగించే పద్ధతికి పేరు తెచ్చింది అమెరికా వాయవ్య తీరం. సియాటిల్‌లో మాంకా కుటుంబం నడిపిన కేఫ్‌లో 'డచ్ బేబీ' పేరుతో వడ్డించేవాళ్లు. దాంట్లో యాపిల్ ఉండదు, పైన నిమ్మరసం, పంచదార పొడి అంతే. యాపిల్ వేసినదాన్ని దేశమంతా తిప్పింది పోర్ట్‌లాండ్‌లో 1953లో మొదలైన ఒరిజినల్ పాన్‌కేక్ హౌస్. అక్కడిది బరువైన వంటకం, దాల్చినచెక్క పాకం కారుతూ ఉంటుంది. ఒక్కరు తినలేరు. ఇంట్లో మనం చేసేది ఈ రెండింటికీ మధ్యస్తంగా ఉంటుంది: అంచులు డచ్ బేబీలా లేచి నిలబడాలి, అడుగున యాపిల్ పాకం పట్టి ఉండాలి.

చిక్కంతా ఇక్కడే ఉంది, ఎందుకంటే ఈ రెండు కోరికలకీ ఒకదానితో ఒకదానికి పడదు.

పూరీ నూనెలో ఎందుకు పొంగుతుందో మీకు తెలుసు. లోపలి తడి ఒక్కసారిగా ఆవిరవుతుంది, పైన పొర అప్పటికే గట్టిపడి ఉంటుంది, ఆవిరి బయటికి పోలేక పొరని లేపుతుంది. ఇక్కడ జరిగేదీ అదే. నీరు ఆవిరైతే దాదాపు 1,600 రెట్లు చోటు కావాలి. పాలల్లో, గుడ్లల్లో ఉన్న నీటికి ఆ అవకాశం రావాలంటే పెనం, ఓవెన్ రెండూ బాగా కాలి ఉండాలి. గుడ్డులోని మాంసకృత్తులు సాగి, ఆ ఆవిరిని పట్టి ఉంచి, ఆ ఆకారంలోనే గట్టిపడతాయి. మైదా ఉండేది కాస్త దన్నుకి మాత్రమే. అందుకే గుడ్లు ఎక్కువ, పిండి తక్కువ. 'ఇంత పల్చగానా' అని అనుమానంతో ఇంకో రెండు చెంచాల మైదా వేశారో, అది లేవదు.

ఇప్పుడు యాపిల్ సంగతి. యాపిల్‌లో సుమారు 85 శాతం నీరే. రెండు కాయలు చెక్కు తీసి కోస్తే 300 గ్రాముల ముక్కలు వస్తాయి, అంటే పావు లీటరు నీళ్లు. మనం పిండిలో పోసే పాలు 120 మిల్లీలీటర్లు. పాలకి రెండింతల నీళ్లు ముక్కల్లో దాగి ఉన్నాయన్నమాట. పచ్చి ముక్కల్ని పిండిలో వేసి ఓవెన్‌లో పెడితే ఆ నీరంతా అడుగున ఊరి, పెనాన్ని చల్లబరిచి, పిండిని ఉడకబెడుతుంది. పచ్చి ముక్కలు చల్లి పోసేయమని చెప్పే వంటకాలు బోలెడున్నాయి. వాటిని నమ్మకండి. యాపిల్‌ని ముందు పొయ్యి మీద మగ్గించి, దాని నీటిని సగానికి సగం వదిలించాకే పిండి దగ్గరికి రానివ్వాలి. ఈ పాఠంలో నేర్చుకోవాల్సిన అసలు పని ఇదే, తక్కినదంతా గుడ్లు గిలక్కొట్టడం.

ఏ కాయ కొనాలి? పులుపున్నది, గట్టిది. గ్రానీ స్మిత్ అన్నిటికన్నా నమ్మకమైనది. పులుపు ఎక్కువున్న కాయ వేడికి త్వరగా మెత్తబడదు, ముక్క ముక్కలాగే నిలుస్తుంది. హనీక్రిస్ప్ కూడా ఆకారం నిలుపుకుంటుంది గానీ తీపి ఎక్కువ, పంచదార తగ్గించుకోండి. సియాటిల్ పక్కన రెడ్‌మండ్, బెల్‌వ్యూ వైపు ఉన్న తెలుగువాళ్లు శరదృతువులో తోటలకి వెళ్లి బుట్టలకొద్దీ కోసుకొచ్చి, తర్వాత ఏం చేయాలో తెలియక ఫ్రిజ్‌లో దాస్తుంటారు. ఈ పాన్‌కేక్ వాళ్ల కోసమే అనుకోండి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్నవాళ్లకి బండి మీద 'గ్రీన్ యాపిల్' పేరుతో దొరికేది చాలావరకు గ్రానీ స్మితే. అది దొరక్కపోతే ఆగస్టు నుంచి అక్టోబరు దాకా వచ్చే కశ్మీరు, హిమాచల్ కాయలు తీసుకోవచ్చు, కానీ నొక్కితే గట్టిగా ఉన్నవే ఏరుకోండి. ఎర్రటి డెలీషియస్ రకం నిలవున్నదైతే పిండి పిండిగా అయిపోతుంది. దానికి ఒక చెంచా నిమ్మరసం కలిపి, మగ్గించే సమయం తగ్గించాలి.

కావలసినవి చెప్తాను, రాసుకోండి. పిండికి: పెద్ద గుడ్లు 3 (నాటుకోడి గుడ్లయితే 4), మైదా 65 గ్రాములు, వెన్న తీయని పాలు 120 మి.లీ., పంచదార ఒక పెద్ద చెంచా, ఉప్పు పావు చిన్న చెంచా, వెనిలా ఉంటే అర చెంచా. యాపిల్‌కి: కాయలు 2, వెన్న 40 గ్రాములు, బ్రౌన్ షుగర్ రెండు పెద్ద చెంచాలు, దాల్చినచెక్క పొడి అర చిన్న చెంచా. బ్రౌన్ షుగర్ బదులు బెల్లం తురుము వేసుకోవచ్చు, రుచి ఇంకా బాగుంటుంది, మాడడం కూడా అంతే త్వరగా మాడుతుంది. ఉప్పు వెన్న వాడేవాళ్లు పిండిలో ఉప్పు మానేయండి. మైదాని మాత్రం కప్పుతో కొలవకండి, తూచండి. అదిమి నింపిన అర కప్పుకీ, వదులుగా పోసిన అర కప్పుకీ ఉన్న తేడా ఈ వంటకాన్ని పాడుచేయడానికి చాలు.

గుడ్లు తినని ఇళ్లవాళ్లకి ఒక మాట. అరటిపండు గుజ్జు, పెరుగు, అవిసె గింజల పొడి, ఏది వేసినా ఇది పొంగదు. పట్టి ఉంచే పని చేసేది గుడ్డే. గుడ్డు లేకుండా యాపిల్ వంటకం కావాలంటే ఇదే మగ్గించిన యాపిల్‌ని అట్ల మీద వేసుకుని తినండి, హాయిగా ఉంటుంది.

పెనం 10 అంగుళాలది, కాస్ట్ ఐరన్‌ది, రెండు అంగుళాల అంచున్నది ఉంటే మంచిది. ప్లాస్టిక్ పిడి ఉన్న నాన్‌స్టిక్ ఓవెన్‌లోకి పోదు. చిన్న ఓటీజీలో (బల్ల మీద పెట్టుకునే కరెంటు ఓవెన్) పిడి అడ్డం వచ్చి తలుపు పడదు, అలాంటప్పుడు 9 అంగుళాల అల్యూమినియం కేక్ టిన్ను వాడండి. యాపిల్‌ని విడిగా మూకుడులో మగ్గించి, టిన్నుని చెంచాడు నెయ్యితో ఓవెన్‌లో అయిదు నిమిషాలు కాల్చి, అప్పుడు ముక్కలు, పిండి వేయాలి. గాజు పాత్ర వద్దు. కాలిన గాజు మీద చల్లని పిండి పోస్తే పగలొచ్చు.

మొదట పిండి. అన్నీ మిక్సీలో వేసి అర నిమిషం తిప్పితే సరి. మామూలు దోసె పిండి కన్నా బాగా పల్చగా, గరిటె నుంచి తెగకుండా జారేలా ఉండాలి. దాన్ని బయటే ఒక అరగంట వదిలేయండి. మైదా నీరు పీల్చుకుంటుంది, నురగ అణుగుతుంది, పిండి చల్లదనం పోతుంది. ముందు రోజు రాత్రి కలిపి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు గానీ పొద్దున లేవగానే బయటికి తీయండి. చల్లటి పిండి పోస్తే పెనం వేడి పోతుంది.

పిండి పక్కన పెట్టగానే ఓవెన్ 220 డిగ్రీల సెల్సియస్‌కి పెట్టండి (అమెరికా ఓవెన్లలో 425 ఫారెన్‌హీట్). ఫ్యాన్ ఉన్నదైతే 200 చాలు. లోపలి మధ్య అర (షెల్ఫ్) వాడండి. ఓటీజీలో కింది అర వాడాలి, ఎందుకంటే పొంగినప్పుడు పై రాడ్‌కి తగిలేంత ఎత్తు లేస్తుంది.

ఇక యాపిల్. చెక్కు, గింజల గూడు తీసి, అర సెంటీమీటరు మందాన చంద్రవంకల్లా కోయండి. మరీ పల్చనైతే గుజ్జవుతుంది. పెనంలో వెన్న కరిగి, నురగ లేచి, ఆ నురగ అణిగాక ముక్కలు పరవండి. ఇప్పుడు పంచదార వేయకండి. పంచదార తగలగానే ముక్కలు నీరంతా ఒక్కసారి వదిలేస్తాయి, వేగడం పోయి ఉడకడం మొదలవుతుంది. మధ్యస్తం మంట మీద, ఎక్కువ కదపకుండా, నాలుగైదు నిమిషాలు వేగనివ్వండి. మొదట పెనంలో తడి చిటపట వినిపిస్తుంది, ఆవిరి లేస్తుంది. కాసేపటికి ఆ చప్పుడు సన్నబడి, ముక్కల అంచులు అద్దంలా మారి అక్కడక్కడ ఎర్రబడతాయి. అప్పుడు పంచదార, దాల్చినచెక్క పొడి చల్లి కలపండి. రెండు మూడు నిమిషాల్లో పాకం వస్తుంది. గరిటెతో పెనం అడుగున గీత గీస్తే ఆ గీత వెంటనే మూసుకుపోకుండా ఒక క్షణం నిలవాలి. మూసుకుపోతే ఇంకా నీరుందని అర్థం, మరో నిమిషం ఆగండి. మొత్తం పాకంగా మారాక ఒక ముక్క తిని చూడండి. బయట మెత్తగా, మధ్యలో పంటికి తగిలేలా ఉండాలి, ఓవెన్‌లో ఎలాగూ ఇంకా ఉడుకుతుంది.

ముక్కల్ని పెనం మధ్యకి సర్దండి, ఒకే వరసలో. అంచు చుట్టూ ఒక అంగుళం ఖాళీ వదలండి. చాలామంది గోడ దాకా పరిచేస్తారు, తర్వాత 'నాది లేవలేదేం' అంటారు. పిండి పైకి ఎక్కేది ఆ కాలిన గోడని పట్టుకునే. అక్కడ ముక్కలు, పాకం అడ్డుంటే పిండి ఎక్కలేదు. ఖాళీ అంచు మీద ఇంకో చెంచా వెన్నో నెయ్యో తిప్పండి. నాకైతే నెయ్యే ఇష్టం, 220 డిగ్రీల్లో వెన్నలా నల్లబడదు.

మంట ఆపకుండానే పిండిని అంచు నుంచి మొదలుపెట్టి చుట్టూ తిప్పుతూ పోయండి, చివర మధ్యలో. చుయ్‌మని చప్పుడు రావాలి. రాకపోతే పెనం కాలలేదు, ఇప్పుడు చేయగలిగిందేమీ లేదు, అలాగే కాల్చుకుని తినండి. పోసిన మరుక్షణం ఓవెన్‌లో పెట్టేయండి.

15 నిమిషాలు తలుపు తీయకండి. లైటు వేసి అద్దంలోంచి చూడండి. ఆరేడు నిమిషాలకి అంచు పెనం నుంచి విడివడి కొద్దిగా లేస్తుంది, పదో నిమిషం దాటాక గోడలెక్కి లోపలికి వంగుతుంది, మధ్యలో ఒకటి రెండు బుడగలు ఉబ్బుతాయి. ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ లేచినా ఫర్వాలేదు. అంచు తేనె రంగు దాటి గోధుమ రంగులోకి వచ్చాక వేడిని 180కి దించి మరో అయిదు నిమిషాలు ఉంచండి. అంచులు ఆరి గట్టిపడేది ఈ అయిదు నిమిషాల్లోనే. తొందరపడి తీస్తే మధ్యలో తడి తడిగా, గుడ్డు వాసనతో ఉంటుంది.

బయటికి తీయగానే మధ్యభాగం కుంగిపోతుంది. కంగారు పడకండి, ఆవిరి చల్లారితే జరగాల్సింది అదే. అంచులు నిలబడి ఉన్నాయా, అదొక్కటే చూడండి. పెనం పిడి మీద మాత్రం మందపాటి గుడ్డ వేసి ఉంచండి, పొయ్యి మీద ఉన్న పిడిలా కనిపిస్తుంది గానీ 200 డిగ్రీల వేడిలో ఉంటుంది. పైన నిమ్మరసం, పంచదార పొడి జల్లి, నాలుగు ముక్కలు చేసి వెంటనే తినండి. అడుగున పాకం ఉండగా పైన మళ్లీ మేపుల్ సిరప్ పోయడం నాకు నచ్చదు, మీ ఇష్టం.

ఈ వారం అభ్యాసం రెండు విడతలు. ముందు యాపిల్ లేకుండా, ఇదే పిండితో, ఖాళీ పెనం ఓవెన్‌లో కాల్చి చేయండి. పొంగడం మొదలైన నిమిషం, అంచు రంగు మారిన నిమిషం కాగితం మీద రాసుకోండి. తర్వాత యాపిల్‌తో చేసి మళ్లీ రాసుకోండి. రెండోసారి పొంగడం రెండు మూడు నిమిషాలు ఆలస్యమైతే బాగానే చేశారు. అయిదారు నిమిషాలు వెనకబడిందంటే యాపిల్‌లో ఇంకా నీరు మిగిలింది, పాకం దగ్గర ఇంకొంచెం ఓపిక పట్టాలి. అంచులు లేచి, అడుగు మాత్రం నల్లబడితే పంచదార త్వరగా వేసేశారు, లేదా పొయ్యి మీద మంట ఎక్కువైంది.

వచ్చే పాఠంలో ఇదే పిండిని చిన్న చిన్న గుంటల్లో పోసి ఇంగ్లండువాళ్ల యార్క్‌షైర్ పుడ్డింగ్ చేద్దాం. 12 గుంటల మఫిన్ ట్రే ఒకటి సిద్ధం చేసుకోండి, సిలికాన్‌ది వద్దు, లోహంతో చేసిందే కావాలి.