ఇంటి వెదర్ స్టేషన్ రీడింగులు నెట్‌లో పెట్టాలంటే

మే నెల మధ్యాహ్నం బెజవాడ డాబా మీద పెట్టిన స్టేషన్ 50 డిగ్రీలు చూపించిందంటే అందులో శ్లాబు వేడి కూడా కలిసినట్టే. ఆ అంకె ఇంటి స్టేషన్ల రీడింగులు చూపే వెదర్ అండర్‌గ్రౌండ్ నెట్‌వర్కు మ్యాపులోకి ఎక్కితే పేటంతా అలాగే కాలిపోతోందని చూసేవాళ్లు నమ్ముతారు. కాబట్టి ముందు రీడింగు సరిచేసి, ఆ తర్వాతే నెట్‌కు కలపండి.

సెన్సర్‌ను జీఐ పైపుకు బిగించి శ్లాబు నుంచి 2 మీటర్ల ఎత్తున ఉంచండి. నల్ల సింటెక్స్ ట్యాంకుకు, ఏసీ అవుట్‌డోర్ యూనిట్‌కు, పిట్టగోడకు దూరంగా ఉండాలి. పెరట్లో మట్టి నేల ఉంటే ఉష్ణోగ్రతకు అదే మేలు. గాలి సెన్సర్‌కు మాత్రం డాబాయే నయం. అన్నీ ఒకే ముక్కగా వచ్చే స్టేషన్‌లో ఏదో ఒకటి వదులుకోక తప్పదు, నెట్‌వర్కులో ఎత్తు ఉన్నదున్నట్టు రాయండి.

వాన గేజీని నీళ్లు పోసి పరీక్షించాలి. గరాటు వ్యాసం 10 సెంటీమీటర్లైతే 10 మి.మీ. వానకు 78.5 మి.లీ. నీళ్లు పడతాయి. ఆ కొలత నీళ్లను సెలైన్ డ్రిప్ సెట్టుతో అరగంట పాటు చుక్కచుక్కగా వదలండి. గబగబా పోస్తే, నిండినప్పుడల్లా ఒరిగి వానను లెక్కించే లోపలి చిన్న బకెట్ తిరగబడే క్షణంలో కొన్ని నీళ్లు లెక్కకు రాకుండా పోతాయి. 10కి బదులు 9.4 చూపిస్తే రెయిన్ గెయిన్‌ను (వాన అంకెను గుణించే సెట్టింగును) 1.06 చేయండి. పరీక్ష జరుగుతున్నంతసేపూ అప్‌లోడ్ ఆపేయాలి, లేకపోతే ఎండకాలంలో మీ వీధిలో వాన కురిసినట్టు రికార్డవుతుంది. వేపాకులు, పావురాల రెట్ట గరాటుకు అడ్డం పడతాయి. తొలకరికి ముందు ఒకసారి కడగండి.

పీడనం రెండు రకాలుగా కనిపిస్తుంది. ఆబ్సల్యూట్ అంటే మీ ఇంటి దగ్గర ఉన్నది, రెలటివ్ అంటే సముద్రమట్టానికి మార్చినది. నెట్‌వర్కులకు రెండోది కావాలి. మన ఎత్తుల్లో సుమారు 8.3 మీటర్లకు 1 హెక్టోపాస్కల్ తేడా వస్తుంది, అంటే సెన్సర్ సముద్రమట్టానికి 25 మీటర్ల ఎత్తున ఉంటే 3 కలపాలి. గాలి నెమ్మదిగా ఉన్న రోజున గన్నవరం విమానాశ్రయం మెటార్‌లో (విమానాల కోసం ఇచ్చే వాతావరణ నివేదిక, కోడ్ వీఓబీజెడ్) క్యూ అక్షరం పక్కనున్న అంకెతో పోల్చండి. అక్కడ దశాంశం తీసేసి ఇస్తారు కాబట్టి ఒక్క రీడింగుతో తేల్చకూడదు.

ఇక కలపడం తేలిక. వెదర్ అండర్‌గ్రౌండ్‌లో ఖాతా తెరిచి, డివైస్ చేర్చి, మ్యాపులో పిన్ పెడితే స్టేషన్ ఐడీ, కీ వస్తాయి. స్టేషన్ పేరుగా పేట పేరు చాలు, డోర్ నంబరు వద్దు. ఐడీనీ కీనీ గేట్‌వే (సెన్సర్ల రీడింగులను వైఫై ద్వారా నెట్‌కు పంపే పెట్టె) యాప్‌లో పేస్ట్ చేసేటప్పుడు చివర ఖాళీ పడిందేమో చూడండి. చాలా గేట్‌వేలకు 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే అందుతుంది. ఈఎస్‌పీ32 అనే చిన్న వైఫై చిప్ బోర్డుతో స్టేషన్ సొంతంగా చేసుకున్నవాళ్లు ఫారెన్‌హీట్, అంగుళాలు, మైళ్లలో పంపాలి. సెల్సియస్‌లో 40 అని పంపితే అక్కడ 4.4 డిగ్రీలుగా నమోదవుతుంది. సమయం కూడా యూటీసీలోనే, మన గడియారానికి 5:30 గంటలు వెనక.

సీడబ్ల్యూఓపీ (సిటిజన్ వెదర్ అబ్జర్వర్ ప్రోగ్రామ్) అనే మరో నెట్‌వర్కుకు కూడా పంపాలంటే రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద వీవెక్స్ (WeeWX) గానీ క్యుములస్ ఎంఎక్స్ గానీ సాఫ్ట్‌వేర్ నడపండి. హామ్ (అమెచ్యూర్ రేడియో) లైసెన్సు లేనివాళ్లు పాస్‌కోడ్ దగ్గర -1 ఇస్తారు. వచ్చిన రీడింగులను అక్కడ చుట్టుపక్కల స్టేషన్లతో సరిపోల్చి చూస్తారు, మీ పీడనం పక్కదారి పడితే త్వరగా తెలుస్తుంది. ఈ ఒక్క లాభానికైనా ఆ శ్రమ పడొచ్చు.

గట్టి వాన పడే వేళకే కరెంటు పోతుంది. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 నాటి వానలాంటిది మళ్లీ వస్తే ఆ గంటల రీడింగులే అందరికీ కావాలి. రూటర్‌కూ గేట్‌వేకూ చిన్న యూపీఎస్ పెట్టండి. మెమరీ లేని గేట్‌వేలో నెట్ తెగినప్పటి రీడింగులు మళ్లీ దొరకవు.

మీ వాన లెక్క పేపర్లో వచ్చినదానితో కలవకపోతే గేజీని వెంటనే అనుమానించకండి. వాతావరణ శాఖ రోజు లెక్క ఉదయం 8:30 నుంచి మర్నాడు 8:30 దాకా, మీ స్టేషన్ది అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి దాకా. గ్రాఫులో 8:30 నుంచి 8:30 వరకు కూడి అప్పుడు పోల్చండి.