స్లాబు అంచున పనిచేసేవాళ్లకు బెల్టు శిక్షణ ఎలా ఇవ్వాలి

అపార్ట్‌మెంట్ సైటుకు కొత్తగా వచ్చిన సెంట్రింగ్ మనిషికి సేఫ్టీ బెల్టు చేతిలో పెట్టి, రిజిస్టర్లో సంతకం తీసుకుని పైకి పంపేస్తుంటారు. బెల్టు వేసుకోవడం అతనికి వచ్చో రాదో, హుక్కు దేనికి తగిలిస్తాడో ఎవరూ చూడరు. ఈ రెంటినీ చేతులతో చేయించి చూస్తేనే శిక్షణ అయినట్టు. ఒక్కో జట్టుకు పన్నెండు, పదిహేను మంది చాలు. రెండు గంటలు పడుతుంది. ఆఫీసు షెడ్డులో కూర్చోబెట్టొద్దు, రెయిలింగ్ కట్టిన స్లాబు మీదే చెప్పండి. హైదరాబాద్ సైట్లలో ఒడిశా, బీహార్ నుంచి వచ్చినవాళ్లు చాలామంది ఉంటారు. వాళ్ల భాష తెలిసిన మేస్త్రిని పక్కన పెట్టుకోండి. అర్థమైందా అని అడిగితే అందరూ తలూపుతారు, అందుకే ఏదీ అడిగి వదిలేయకుండా చేసి చూపించమనండి.

బెల్టు కంటే ముందు స్లాబు మీద ఉన్న ఖాళీలు చూపించాలి. లిఫ్ట్ గుంత, డక్టు, మెట్ల పక్క, బాల్కనీ అంచు. అంచుల్లో దాదాపు మీటరు ఎత్తున పై పైపు, దాని సగంలో ఇంకో పైపు, అడుగున సుత్తులూ చెక్కముక్కలూ జారి కింద పడకుండా 15 సెంటీమీటర్ల పలక ఉండాలి. గుంత మీద ప్లైవుడ్ వేసి వదిలేయడం చాలా ప్రమాదం. ఎందుకో అక్కడే చూపించండి. పనికొచ్చే షీటు పడి ఉందనుకుని ఒకడు వంగి దాన్ని రెండు చేతులా ఎత్తుతాడు. ఎత్తిన షీటు కళ్లకు అడ్డం వస్తుంది. దాంతో ఒక్క అడుగు ముందుకు వేస్తే కాలు గుంతలోనే. కాబట్టి మూతను మేకులతోనో బోల్టులతోనో బిగించాలి. మీద ఎర్ర రంగుతో 'గుంత' అని రాయాలి, చదవలేనివాళ్ల కోసం గుర్తు కూడా వేయాలి.

ఇక బెల్టు. నడుముకు మాత్రమే కట్టే పాత బెల్టు కనిపిస్తే అక్కడే పక్కన పెట్టేయండి. పడ్డప్పుడు దెబ్బంతా నడుము మీదే పడి లోపలి అవయవాలూ వెన్నూ దెబ్బతింటాయి, మనిషి అందులోంచి జారిపోయినా జారిపోవచ్చు. భుజాలు, ఛాతీ, తొడలు అన్నింటినీ పట్టే ఫుల్ బాడీ బెల్టే వాడాలి. దాని లేబుల్ మీద ఈ బెల్టుల భారత ప్రమాణమైన ఐఎస్ 3521 ముద్ర, తయారైన తేదీ చదవగలిగేలా ఉండాలి.

వేసుకునే ముందు పట్టీలన్నీ వేళ్ల మధ్య వంచుతూ వెతకమనండి. వెల్డింగ్ నిప్పురవ్వ పడితే గుండుసూది తలంత రంధ్రం పడి, అంచు నల్లగా గట్టిపడి ఉంటుంది. చూపుకు దొరకనిది వేలికి తగులుతుంది. కుట్టు దారం తెగిందేమో, సిమెంటు పాలు ఎండి పట్టీ అట్టలా అయిందేమో, హుక్కు నాలుక వదలగానే తనంతట తాను మూసుకుంటోందో లేదో చూడాలి. బెల్టును హుక్కుకు కలిపే తాడుకు షాక్ అబ్జార్బర్ ఉంటుంది, పడ్డప్పుడు విచ్చుకుని కుదుపు తగ్గించేది అదే. దాని సంచి చిరిగినా, లోపలి మడత బయటికి కనిపించినా ఆ తాడు పనికిరాదు. మురికైతే సబ్బు నీళ్లతో కడిగి నీడలో ఆరేయాలి. కిరోసిన్, థిన్నర్ తగలనివ్వొద్దు.

వేసుకునేటప్పుడు వీపు మీద ఉండే డి రింగు పట్టుకుని బెల్టును పైకెత్తి దులిపితే మెలికలు విడిపోతాయి. చొక్కాలా భుజాలకు తొడుక్కుని తొడ పట్టీలు బిగించాలి. పట్టీకీ తొడకూ మధ్య చాచిన అరచెయ్యి దూరాలి, పిడికిలి దూరకూడదు. ఛాతీ పట్టీ రొమ్ము మధ్యలో ఉండాలి. గొంతు దగ్గరకు జరిగితే పడినప్పుడు అదే మెడకు ఉరవుతుంది. డి రింగు రెండు భుజపుటెముకల నడుమ ఉండాలి. ఎక్కువమంది చేసే తప్పు తొడ పట్టీలు వేలాడేసి తిరగడం, ఉక్కగా ఉందనో, మాటిమాటికీ విప్పాలనో. చీర మీద చొక్కా వేసుకుని పనిచేసే ఆడవాళ్లకు తొడ పట్టీ సరిగ్గా కూర్చోదు. అంచు పని ఇవ్వాలంటే ముందు వాళ్లకు ప్యాంటు ఇవ్వండి, మార్చుకోవడానికి తలుపున్న గదీ చూపించండి. హెల్మెట్ గడ్డం పట్టీ పెట్టుకోకపోతే, మనిషి కింద పడేలోపే అది తలను వదిలేస్తుంది.

హుక్కు తగిలించే చోటు మీదే ఎక్కువ సేపు గడపాలి. ఒక్కో మనిషికి కనీసం 15 కిలోన్యూటన్లు, అంటే సుమారు 1,500 కిలోల బరువును ఆపగల చోటు కావాలి. కాంక్రీటు గట్టిపడిన స్తంభానికో బీముకో స్లింగు, అంటే గట్టి పట్టీ, చుట్టి దానికి తగిలించవచ్చు. నిలువుగా నిలబడ్డ ఊచకు తగిలిస్తే హుక్కు పైనుంచి జారిపోతుంది. ప్లంబింగ్ పైపు, కరెంటు పైపు, రెయిలింగ్, ఇంకా బిగించని పరంజా పైపు, ఇవేవీ మనిషి బరువు ఆపడానికి పెట్టినవి కావు. హుక్కు ఎప్పుడూ తలకంటే ఎత్తున ఉండాలి. పాదాల దగ్గర తగిలిస్తే పడేటప్పుడు తాడు పొడవుకు దాదాపు రెట్టింపు దూరం కిందికి పోతాడు.

ఆ దూరం నోటితో చెబితే తలకెక్కదు. ఒక తాడు తెచ్చి రంగు గుడ్డలతో నాలుగు గుర్తులు కట్టండి. మొదటి గుర్తు 2 మీటర్ల దగ్గర, అది హుక్కు తాడు పొడవు. దాని తర్వాత అబ్జార్బర్ పూర్తిగా విచ్చుకుంటే 1.75, డి రింగు నుంచి పాదాల దాకా 1.5, అదనంగా 1 మీటరు. మొత్తం 6.25 మీటర్లు. తాడు ఒక చివర స్లాబు అంచున పట్టుకుని కిందికి వదలండి. మూడు మీటర్ల ఎత్తున్న మొదటి స్లాబు మీదైతే తాడులో సగానికి పైగా నేల మీద పడి ఉంటుంది. బెల్టు పెట్టుకుని కూడా మనిషి నేలకు తగులుతాడని అప్పుడు అందరికీ కంటికి కనిపిస్తుంది. ఇలాంటి చోట అంచు దాకా చేరనివ్వని పొట్టి తాడు వాడాలి. స్తంభం అంచు నుంచి 3 మీటర్లు లోపలికి ఉంటే స్లింగుతో కలిపి తాడు 2 మీటర్లు మించకూడదు. లేదా తలపైన బిగించే రిట్రాక్టబుల్ బ్లాకు వాడాలి, అది తాడును తనలోకి చుట్టుకుంటూ ఉండి, మనిషి పడగానే పట్టేస్తుంది. రెండు తాళ్లు ముడేసి పొడవు పెంచడం మాత్రం ఎప్పుడూ వద్దు.

పక్కకు జరిగి పనిచేసేవాడు పడితే లోలకంలా ఊగి గోడకో స్తంభానికో కొట్టుకుంటాడు. తలపై హుక్కుకు నేరుగా కిందనే ఉండేలా చోటు మార్చుకుంటూ పోవాలి. రెండు హుక్కులు ఇచ్చేది అందుకే. కొత్త చోట రెండోది పడిన శబ్దం విని, లాగి చూశాకే మొదటిది తీయాలి. ఒక్కొక్కరితో పదిసార్లు చేయించండి. పాత హుక్కు ముందే తీసేవాడు ఒకడైనా దొరుకుతాడు, అతనితో ఇంకో పదిసార్లు చేయించండి.

ఒకసారి పడి ఆపిన బెల్టునూ తాడునూ ముక్కలుగా కోసేయాలి. స్టోరులో పెడితే ఎవరో ఒకరు తీసి వాడతారు.

చివరగా, పడి వేలాడుతున్న మనిషిని దింపడం. కదలకుండా వేలాడితే కాళ్లలో రక్తం నిలిచి కొద్ది నిమిషాల్లోనే స్పృహ తప్పవచ్చు. 108 బండి సైటుకు వచ్చేదాకా ఎదురుచూడకూడదు. ఫోను చేస్తూనే కిందికి దింపే పని మొదలుపెట్టాలి. బెల్టుకు కాలు పెట్టుకునే ఉచ్చు ఉంటే అతను దాంట్లో నిలబడి బరువు మార్చుకోవచ్చు, లేకపోతే మోకాళ్లు పైకి లాగుతూ కాళ్లు కదుపుతుండమని అరవండి. దించాక కూర్చోబెట్టే ఉంచాలని ఒకప్పుడు చెప్పేవారు, దానికి ఆధారం లేదని బ్రిటన్ భద్రతా సంస్థ 2009లో తేల్చింది. మామూలు ప్రథమ చికిత్సలోలా వెల్లకిలా పడుకోబెట్టి ఊపిరి చూడాలి.

నిచ్చెన ఎక్కడుంది, తాడూ కప్పీ ఎవరి దగ్గరున్నాయి, ఎవరు పైకి వెళ్తారు, ఎవరు గేటు దగ్గర నిలబడి బండికి దారి చూపిస్తారు, ఇవన్నీ పేర్లతో బోర్డు మీద రాయండి. ఇసుక సంచులు నింపిన బెల్టును వేలాడదీసి జట్టు మొత్తంతో దింపించండి. పట్టిన సమయం గడియారంలో చూసి అదే బోర్డు మీద రాయండి. పది నిమిషాలు దాటితే తాడూ కప్పీ ఎక్కడ ఆలస్యమయ్యాయో చూసి, ఆ మధ్యాహ్నమే మళ్లీ దింపించండి.