ఏఎఫ్ఎం టిప్‌తో గీసిన గీత పడటం లేదా? వోల్టేజి పెంచేముందు ఇవి చూడండి

సమస్య: సిలికాన్ మీద ఓటీఎస్ (ఆక్టాడెసిల్‌ట్రైక్లోరోసిలేన్ అనే అణువుల) పలుచని పొర వేశారు. ఏఎఫ్ఎం (సన్నని మొనతో ఉపరితలాన్ని తడిమి చూసే మైక్రోస్కోప్) కండక్టింగ్ టిప్‌తో, అంటే కరెంటు పారే మొనతో, 9 వోల్టుల దగ్గర పొరను ఆక్సీకరిస్తూ గీత గీశారు. మళ్లీ స్కాన్ చేస్తే ఏమీ లేదు. లేదంటే పొద్దున చక్కగా పడిన గీత మధ్యాహ్నానికి తెగిపోయి వస్తోంది.

మొదట మల్టీమీటర్ తీయండి. సిలికాన్ ముక్క వెనక ఆక్సైడ్ ఉంటుంది. దాన్ని గీకి సిల్వర్ పేస్ట్ పెట్టకపోతే కరెంటుకు దారే లేదు. శాంపిల్‌తో పోలిస్తే టిప్ నెగటివ్‌గా ఉండాలి. ఈ రెండూ చూడకుండా ఖరీదైన టిప్‌లు మారుస్తూ పోవడం చూస్తే నిజంగా బాధేస్తుంది.

గీత పడి కూడా కనిపించకపోవచ్చు. పొరలోని అణువు చివరి మిథైల్ గ్రూపు ఆక్సీకరణతో కార్బాక్సిల్ గ్రూపుగా మారితే ఎత్తులో తేడా దాదాపు ఉండదు, టిప్‌కి తగిలే రాపిడిని చూపే ఫ్రిక్షన్ ఇమేజ్‌లో తెలుస్తుంది. గీత ఉబ్బెత్తుగా కనిపిస్తే కింది సిలికాన్ కూడా ఆక్సైడైనట్టే. వోల్టేజి తగ్గించండి.

ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా సతాయించేది తేమ. టిప్‌కీ పొరకీ మధ్య నిలిచే నీటి బిందువే ఈ చర్యకు ఆధారం, ఆక్సీకరణకు కావాల్సిన అయాన్లు దాని నుంచే వస్తాయి. అనంతపురం ఎండాకాలపు పొడిగాలి చాలదన్నట్టు ఏసీ కూడా ఉన్న తేమను లాగేస్తుంది. గోడ మీది మీటర్ 50 శాతం చూపిస్తే చాలనుకుంటాం. కానీ ఏఎఫ్ఎం ఉంచే మూతపెట్టిన పెట్టెలో లేజర్, ఎలక్ట్రానిక్స్ వేడికి గాలి వెచ్చబడుతుంది. 25 డిగ్రీల దగ్గర 50 శాతం తేమ ఉన్న గాలి 29 డిగ్రీలకు చేరితే 40 శాతానికి దిగిపోతుంది. మధ్యాహ్నం గీత తెగడానికి కారణం ఎక్కువగా ఇదే.

అందుకే చిన్న హ్యుమిడిటీ మీటర్‌ను పెట్టె లోపల, టిప్ దగ్గరే పెట్టండి. మెగ్నీషియం నైట్రేట్‌ను అడుగున కొంచెం కరగకుండా మిగిలేంతగా నీళ్లలో కలిపి, వెడల్పు గిన్నెలో పోసి, స్కానర్ మీద ఒలకనంత దూరంగా పెట్టెలోనే ఉంచండి. 25 డిగ్రీల దగ్గర అది తేమను 53 శాతం దగ్గర నిలబెడుతుంది. వంట ఉప్పు వద్దు, అది 75 దాకా తీసుకెళ్తుంది, గీత వెడల్పై అంచులు చెదిరిపోతాయి. మీటర్ అంకె కదలడం ఆగాకే గీయండి. మూత తెరిస్తే మళ్లీ ఆగాల్సిందే.

అప్పటికీ పడకపోతే టిప్ మీది లోహపు పూత అరిగిందేమో చూడండి. స్కానర్‌ను కదిపే పీజో చెడిపోవడం చాలా అరుదు, దాని జోలికి ఇప్పుడే వెళ్లొద్దు.