వేప పలకతో గోడ షెల్ఫ్: కోత మిల్లు నుంచి గోడ దాకా

మూడడుగుల గోడ షెల్ఫుకు టేకే కావాలనేం లేదు. విజయవాడ, గుంటూరు వైపు కోత మిల్లుల్లో దొరికే వేప చాలు. చేవ భాగానికి చెద త్వరగా పట్టదు. మామిడి చవకే గానీ మందు పట్టించకపోతే పుచ్చుతుంది. కొండపల్లి బొమ్మలు చేసే తెల్ల పొణికి మరీ మెత్తన, పుస్తకాల బరువు ఆపదు.

మిల్లులో 3½ అడుగుల పొడవు, 9 అంగుళాల వెడల్పు, 1¼ అంగుళాల మందం అడగండి. చిత్రిక పట్టి కొసలు కోశాక 3 అడుగులు, 8 అంగుళాలు, 1 అంగుళం మిగులుతుంది. ధర ఘనపుటడుగు లెక్కన చెబుతారు. 3.5 × 9 × 1.25 ÷ 144, అంటే 0.27. ఈ లెక్క ఇంట్లోనే వేసుకుని వెళ్లండి. పలక అంచున కన్ను పెట్టి చూడండి, మెలి తిరిగితే వదిలేయండి. దుంగ నడిబొడ్డు పడిన పలక చీలుతుంది, తెల్లచెక్క (దుంగ బయటి లేత భాగం) ఎక్కువుంటే పురుగుకు మేత.

అసలు పని ఆరబెట్టడం. పచ్చి పలకను మే నెల ఎండలో మేడ మీద పడేస్తే పైచెక్క ముందే ఆరి ముడుచుకుంటుంది, లోపల తడి అలాగే ఉంటుంది. దాంతో నెర్రెలు. నీడలో, గాలి ఆడేచోట, నేలకు అరడుగు ఎత్తున ఉంచండి. రెండు మూడు పలకలుంటే మధ్యలో అంగుళం రీపర్లు, అడుగున్నరకొకటి, పైదీ కిందదీ ఒకే వరసలో ఉండాలి. వరస తప్పితే పలక వంకరే. తేమ కొసల నుంచి వేగంగా పోతుంది కాబట్టి అక్కడ పాత పెయింటు పూయండి. అంగుళం మందానికి ఏడాది పడుతుందని వాడుక లెక్క. వారానికోసారి తూకం వేయండి, బరువు తగ్గడం ఆగితే ఆరినట్టు. వానాకాలంలో ఆగితే మాత్రం నమ్మకండి.

ఏడాది ఆగలేనివాళ్లు పాత ఇళ్లు కూల్చినచోట వచ్చే టేకు దూలం కోయించుకోవచ్చు. ముందు అయస్కాంతం తిప్పండి. విరిగిన మేకు లోపలుంటే రంపం పళ్లు పోతాయి.

వేపలో నార అటూ ఇటూ తిరిగి ఉంటుంది. చిత్రిక లోతుగా పడితే పెళ్లలు లేస్తాయి, పదును పెట్టి సన్నగా తీయండి. తర్వాత 120, 180, 240 నంబరు ఉప్పుకాగితం, నార వెంటే.

ఎల్ బ్రాకెట్లు రెండు, కొసల నుంచి 7 అంగుళాలు లోపలికి. 8 ఎంఎం ప్లగ్గులు ప్లాస్టరింగు దాటి ఇటుకలోకి దిగాలి. వానలకు పలక అడ్డంగా ఉబ్బుతుంది, అందుకే బ్రాకెట్టులో పలకవైపు ముందు స్క్రూ రంధ్రాన్ని కాస్త పొడవుగా రాకి వదులు ఉంచండి.

పూతకు ఉడికించిన అవిసె నూనె. పచ్చిదైతే వారాలైనా ఆరదు. రోజు తేడాతో రెండు పూతలు వేసి, ప్రతిసారీ పది నిమిషాలకు మిగులు తుడవండి, లేదంటే జిగట. తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూల పడేయకండి, వాటంతటవే అంటుకుంటాయి. నీళ్లలో నానబెట్టి పారేయండి.