పసిబిడ్డ తొలి ముద్దల్లో పోపు దినుసులు: ఇబ్బంది కనిపిస్తే కారణం ఎలా పట్టుకోవాలి?

అన్నప్రాశన జరిగిన ఇంట్లో నెల తిరగకముందే పెద్దల వంటింటి దినుసులు బిడ్డ గిన్నెలోకి వచ్చి చేరతాయి. పప్పు కట్టులో పసుపు, అరుగుదలకని వాము నీళ్ళు, కడుపు ఉబ్బరించకుండా ఇంగువ, జలుబు చేస్తే మిరియాల చారు అంటూ ప్రతిదానికీ ఇంట్లో ఒక కారణం చెబుతారు. వీటిలో చాలావాటిని తగిన వయసులో, తగినంత కొద్దిగా పెడితే హాని ఉండదు కూడా. ఇవన్నీ ఒకే వారంలో, ఒకే గిన్నెలో కలిసినప్పుడే చిక్కు వస్తుంది. ఆ మర్నాడు బిడ్డ మూతి ఎర్రబడినా, విరేచనం పలుచబడినా దేనివల్ల అలా అయిందో చెప్పగలిగేవారు ఇంట్లోనూ ఉండరు, ఆసుపత్రిలోనూ ఉండరు.

అందుకే ముందుగా ఒక ఏర్పాటు చేసుకోవాలి. 180 రోజులు నిండాక ఘనాహారం మొదలుపెట్టి, తొలి రెండు వారాలు దినుసులేవీ లేకుండా అన్నం, పెసరపప్పు, రాగి జావ, మెత్తగా ఉడికించిన కూరగాయలను మాత్రమే అలవాటు చేయాలి. తర్వాత ఒక్కో దినుసును గోటి కొన మీద నిలిచేంత మాత్రమే ముద్దలో కలిపి, మూడు రోజులపాటు అదే పెట్టి, ఆ మూడు రోజుల్లో ఇంకే కొత్త పదార్థమూ ఇవ్వకుండా చూడాలి. కొత్తదాన్ని ఎప్పుడూ ఉదయం పూటే పెట్టాలి. రాత్రి పెడితే దద్దుర్లు వచ్చినా నిద్రలో గమనించలేము. జీలకర్ర, ధనియాలు, పసుపు ముందు, వాము, ఇంగువ ఆ తర్వాత, మిరియాలు తొమ్మిదో నెల దాటాక, మిరపకాయ మొదటి పుట్టినరోజు అయ్యాక అనేది నేను పాటించే వరుస. కేలెండరులో ఆ తేదీ పక్కన దినుసు పేరు రాసుకోవడం చిన్న పనే అయినా, కింద చెప్పిన ప్రతి సమస్యలోనూ కారణాన్ని పట్టించేది ఆ రాతే.

ఉప్పు, పంచదార ఏడాది నిండేవరకూ అక్కరలేదు. ఉప్పు లేని పప్పుకు రుచి ఎక్కడిదని పెద్దలు నొచ్చుకుంటారు కానీ, వేయించి పొడి చేసిన జీలకర్ర ఇచ్చే కమ్మదనం ఆ లోటును చాలావరకు తీరుస్తుంది.

మూతి చుట్టూ, గడ్డం మీద ఎర్రబడితే

అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేదీ, ఎక్కువగా భయపెట్టేదీ ఇదే. దీనికి రెండు వేర్వేరు కారణాలు ఉంటాయి, వాటిని విడదీసి చూడటం తప్పనిసరి. ఎరుపు ముద్ద తగిలిన చోట మాత్రమే ఉండి, చర్మం ఉబ్బకుండా, కడిగిన గంటలోపే తగ్గిపోతే అది ఘాటు వల్ల కలిగిన మంట. చింతపండు, టమాటా పులుపు, మిరియాలు, దాల్చినచెక్క పసి చర్మాన్ని ఇలాగే చురచురలాడిస్తాయి. చొంగ కారి ముందే ఒరుసుకుపోయిన గడ్డమైతే ఇంకా త్వరగా ఎర్రబడుతుంది. తినిపించే ముందు మూతి చుట్టూ కొద్దిగా కొబ్బరినూనె రాయడం, తిన్నాక గట్టిగా రుద్దకుండా తడిబట్టతో అద్దడం, ఆ దినుసును నెల రోజులు పక్కన పెట్టి తర్వాత అందులో సగం మోతాదుతో మళ్ళీ చూడటం దీనికి సరిపోతాయి.

ఎరుపు ఉబ్బెత్తు దద్దుర్లుగా మారి, ముద్ద తగలని పొట్ట మీద, వీపు మీద, తొడల మీద కూడా కనిపిస్తే అది అలర్జీ. సాధారణంగా తిన్న కొద్ది నిమిషాల నుంచి రెండు గంటల లోపు ఇది బయటపడుతుంది. పెదవులు, కనురెప్పలు వాయడం, ఆగకుండా దగ్గడం, ఊపిరిలో పిల్లికూతలు, గొంతు బొంగురుపోవడం, బిడ్డ పాలిపోయి వాలిపోవడం వీటిలో ఏ ఒక్కటి తోడైనా ఇంటి వైద్యం చేస్తూ కూర్చోకుండా వెంటనే 108కి ఫోన్ చేయాలి. దద్దుర్లు మాత్రమే వచ్చి తగ్గిపోయినా, వైద్యుడు చూసి చెప్పేవరకు ఆ పదార్థాన్ని మళ్ళీ నాలుకకు తాకించకూడదు. కొద్దికొద్దిగా పెడితే అదే అలవాటవుతుందనే మాట ఇక్కడ చాలా ప్రమాదకరం.

మన పోపులో అలర్జీకి పేరుపడ్డవి ఆవాలు. ఐరోపా సమాఖ్యలో ఆహార పొట్లాల మీద విధిగా ప్రకటించవలసిన 14 అలర్జీ కారకాల్లో ఆవాలు, నువ్వులు రెండూ ఉన్నాయి. మెంతులు పప్పుధాన్యాల కుటుంబానికి చెందినవి కనుక, వేరుశనగ పడని బిడ్డకు మెంతులు కూడా పడకపోయే అవకాశం ఉంది. చాలామంది ఊహించనిది ఇంగువ సంగతి. దుకాణంలో దొరికే ఇంగువ పొడి అచ్చమైన ఇంగువ కాదు. దాని ఘాటు తగ్గించి పొడిగా నిలవ ఉంచేందుకు గోధుమపిండి లేదా మైదా, బంక కలుపుతారు. ఇంగువ పడలేదని అనుకున్న బిడ్డకు నిజానికి గోధుమ పడకపోయి ఉండవచ్చు. డబ్బా వెనుక రాసిన దినుసుల జాబితా చదివితే ఆ ముడి వీడిపోతుంది, గోధుమ బదులు బియ్యప్పిండి కలిపిన ఇంగువ కూడా దొరుకుతుంది.

తిన్న కొన్ని గంటలకు వాంతులైతే

తినగానే కొద్దిగా కక్కడం మామూలే. అలా కాక, తిన్న ఒకటి నుంచి నాలుగు గంటల మధ్య బిడ్డ పదే పదే వాంతి చేసుకుని, పాలిపోయి, ఒళ్ళు జారవిడిచి మత్తుగా ఉంటే అందరూ ముందు రోజు కలిపిన జీలకర్రనో ఇంగువనో తప్పుపడతారు. కానీ ఇది దద్దుర్లు లేకుండా పేగును మాత్రమే బాధించే ఒక రకం అలర్జీ కావచ్చు, దానికి బియ్యం, ఓట్స్, పాలు వంటి సాదా ఆహారాలే ఎక్కువగా కారణమవుతాయి. దినుసు లేని ఒట్టి అన్నం పెట్టిన రోజున కూడా ఇలాగే జరిగిందేమో కేలెండరులో చూసుకోవాలి. వాంతులు ఆగకపోతే ఒంట్లో నీరు తగ్గిపోతుంది కాబట్టి ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

విరేచనంలో మార్పు కనిపిస్తే

పసుపు మొదలుపెట్టాక మలం ముదురు పసుపు రంగులో రావడం, డైపరుకు మరక పట్టడం జబ్బు కాదు. పసుపులోని రంగు పదార్థం పేగుల్లో ఇంకేది చాలా తక్కువ, మిగిలినది అలాగే బయటికి వస్తుంది. తెల్లగా సున్నంలా వచ్చినా, రక్తపు చారలు కనిపించినా, తారులా నల్లగా ఉన్నా మాత్రం దినుసుల గురించి ఆలోచించడం మాని వైద్యుడికి చూపించాలి.

మిరియాలో మిరపకాయో తగిలిన చారు అన్నం తిన్న మర్నాడు విరేచనం పలుచనై, డైపరు తగిలేచోట ఎర్రగా మండితే అందుకు కారణం ఘాటు, పులుపు కలిసి కిందివరకూ రావడమే. పెద్దలకు కాచిన చారులో నీళ్ళు కలిపి పలుచన చేస్తే కారం కొంత తగ్గినా ఉప్పు, చింతపండు అందులోనే ఉంటాయి. అందుకని బిడ్డ వాటా పప్పు కట్టును తాలింపుకు, ఉప్పుకు, పులుపుకు ముందే వేరే గిన్నెలోకి తీసి, దానికి విడిగా నెయ్యి, జీలకర్ర పొడి చేర్చడమే సరైన పద్ధతి.

మలబద్ధకం వస్తే

వాము నీళ్ళు పట్టాలన్న సలహా ముందుగా వచ్చేది ఇక్కడే. ఆరేడు నెలల బిడ్డకు మలం గట్టిపడటానికి మామూలు కారణం ఒట్టి అన్నం, అరటిపండు ఎక్కువ కావడం, పాలు తగ్గడం, పీచు లేకపోవడం. వాము ఆ కారణాన్ని తీసేయదు, పైగా గ్లాసు నీళ్ళతో చిన్న పొట్ట నిండి పాలు మరింత తగ్గుతాయి. 6 నుంచి 8 నెలల బిడ్డకు తల్లిపాలు కాక బయటి ఆహారం నుంచి రోజుకు సుమారు 200 కిలోక్యాలరీలు అందాలి. దినుసులు కలిపిన నీళ్ళ నుంచి అవి రావు. ఉడికించిన ఆకుకూర, బొప్పాయి గుజ్జు, అన్నంలో నెయ్యి, తినేటప్పుడు రెండు మూడు చెంచాల కాచి చల్లార్చిన నీళ్ళు ఇచ్చి చూడాలి.

సొంఠినో వామునో తేనెతో నాకించడం మాత్రం ఏడాది లోపు ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడదు. తేనెలో ఉండగల ఒక సూక్ష్మజీవి బీజాలు పసి పేగులో మొలిచి, నరాలను చచ్చుబడేలా చేసే విషాన్ని తయారుచేస్తాయి. దాని తొలి లక్షణం మలబద్ధకమే కావడం వల్ల పొరబడటం సులభం. తేనె నాకిన బిడ్డకు మలబద్ధకంతో పాటు ఏడుపు సన్నగిల్లినా, పాలు చప్పరించలేకపోయినా, మెడ నిలపలేకపోయినా ఆలస్యం చేయకూడదు.

పొలమారితే

దీనికి కారణం దినుసు గుణం కాదు, దాని రూపం. తాలింపులోని ఆవగింజ, మినపపప్పు, మిరియం, కరివేపాకు ఈనె చిన్న గొంతుకు అడ్డుపడతాయి. పొడిని పైన చల్లితే ఊపిరితో పాటు లోపలికి పోతుంది. దినుసును దోరగా వేయించి, మెత్తగా దంచి, జల్లించి, తడి ముద్దలో పూర్తిగా కలపాలి. లేదా పలుచని బట్టలో మూటకట్టి పప్పుతో పాటు ఉడికించి, మూట తీసేయాలి.

బిడ్డ మత్తుగా ఉంటే

నిద్ర పట్టాలని జాజికాయ, మాటలు త్వరగా రావాలని వస అరగదీసి నాలుకకు రాయడం మన ఇళ్ళలో ఇప్పటికీ ఉంది. ఈ రెండింటినీ నేను పూర్తిగా వద్దంటాను. జాజికాయ ఇచ్చే నిద్ర అందులోని పదార్థం మెదడు మీద పనిచేయడం వల్ల కలిగే మత్తు, సానమీద ఎన్ని చుట్లు తిప్పారన్నది దాని మోతాదుకు కొలత కాలేదు. వసను ఆహారంలో కలపడాన్ని అమెరికా 1968లోనే నిషేధించింది. కడుపునొప్పికని అనాస పువ్వు కషాయం పట్టడమూ ప్రమాదమే. దానితో అచ్చు ఒకేలా కనిపించే జపాను రకం విషపూరితం, దానివల్ల పసిపిల్లలకు మూర్ఛలు వచ్చాయని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2003లో హెచ్చరించింది. వీటిలో ఏది ఇచ్చిన తర్వాతైనా బిడ్డ లేపినా లేవకపోతే ఆసుపత్రికి పరుగెత్తాలి, ఏమిచ్చారో దాచకుండా చెప్పాలి. కోడలు కోప్పడుతుందనో డాక్టరు తిడతారనో అమ్మమ్మ, నాయనమ్మ మౌనంగా ఉంటే వైద్యం ఆలస్యమవుతుంది.

ముద్దను నాలుకతో తోసేస్తే

కొత్త వాసన నచ్చడానికి ఒక్కసారి చాలదు. ఎనిమిది పది సార్లు చూపించాక గానీ చాలామంది పిల్లలు ఒప్పుకోరు. బలవంతం చేయకుండా మూడు రోజులు ఆపి మళ్ళీ పెట్టాలి. తల్లి తిన్న వెల్లుల్లి వంటి వాటి వాసన పాలలోకి కూడా చేరుతుంది కనుక, తల్లి రోజూ తినే దినుసుతో మొదలుపెడితే బిడ్డకు అది అంత కొత్తగా ఉండదు.

ఏ లక్షణమూ లేకుండా జరిగే హాని

నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కలవరపెట్టేది ఇదే. రంగు కోసం పసుపుకు లెడ్ క్రోమేట్ పట్టిస్తే అందులోని సీసం బిడ్డ ఒంట్లో చేరి ఎదిగే మెదడును దెబ్బతీస్తుంది, ఆ సమయంలో పైకి ఏమీ కనిపించదు. 2023లో అమెరికాలో దాల్చినచెక్క కలిపిన ఆపిల్ గుజ్జు పొట్లాల్లో సీసం బయటపడి, అవి తిన్న పిల్లల రక్తంలో సీసం పెరిగినట్టు తేలింది. అక్కడి తెలుగు కుటుంబాలు కూడా పిల్లలకు ఇలాంటి పొట్లాలు కొంటాయి కాబట్టి ఇది మనకు దూరపు వార్త కాదు.

విడి పసుపు కాక అగ్‌మార్క్ ఉన్న పొట్లం కొనాలి. కొమ్ములు కొంటే మిలమిల మెరిసేవాటిని వదిలి, మెరుగు పట్టించని మట్టిరంగు కొమ్ములను ఎంచుకుని, కడిగి, ఎండబెట్టి పట్టించుకోవాలి. దుగ్గిరాల, నిజామాబాద్ మార్కెట్లకు దగ్గరగా ఉన్నవారికి ఇవి దొరకడం కష్టం కాదు. కొమ్మును గాజు గ్లాసు నీటిలో వేసినప్పుడు వెంటనే చిక్కని పసుపు రంగు దిగితే వాడకూడదు. రంగు దిగనంత మాత్రాన సీసం లేదని పూర్తిగా నమ్మడానికీ వీల్లేదు. అనుమానించదగ్గ పసుపును బిడ్డకు నెలల తరబడి వాడి ఉంటే, పిల్లల వైద్యుడిని అడిగి రక్తంలో సీసం పరీక్ష చేయించాలి. ఆ డబ్బాను పారేయకుండా, పరీక్షకు పనికివస్తుంది కనుక మూత బిగించి, చీటీ అంటించి పక్కన పెట్టాలి.