ట్యాంకు నేలమీద తేలుతున్నట్టు ఉందా? ముందు అడుగుపలకను పరీక్షించండి

డయోరామా, అంటే చిన్న నమూనాలతో కట్టే దృశ్యం, పూర్తి చేసినవారు నాకు తరచుగా చూపించే సమస్య ఒక్కటే. యుద్ధ ట్యాంకు నమూనా చక్కగా కుదిరింది, రంగులు బాగున్నాయి, నేల కూడా సహజంగానే ఉంది, కానీ రెండూ ఒకదానితో ఒకటి కలవడం లేదు, బండి నేలమీద తేలుతున్నట్టు ఉంది అంటారు. ఆ తరువాత దాదాపు అందరూ చేసే పని కూడా ఒక్కటే: చెయిన్ల పక్కన మరికొంత బురద పూస్తారు. దయచేసి ఆ పని చేయకండి. ముందు బేసును, అంటే అడుగుపలకతో సహా మొత్తం దృశ్యాన్ని, కంటి ఎత్తుకు తెచ్చి, అవతలి పక్క ఒక లైటు పెట్టి, చెయిన్ కింద వెలుతురు ఎక్కడ కనబడుతోందో చూడండి. తరువాత ఒక సన్నని కాగితపు ముక్కను ప్రతి రోడ్‌వీల్ (చెయిన్ మీద బండి బరువు మోసే చక్రం) కిందా దూర్చి చూడండి. రెండు నిమిషాలు పట్టే ఈ పరీక్షను ఇంచుమించు ఎవరూ చేయరు. ముందుచక్రం, వెనుక పళ్లచక్రం ఉన్నచోట చెయిన్ పైకి లేచే ఉంటుంది కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోకండి. మొదటి రోడ్‌వీల్ నుంచి చివరి రోడ్‌వీల్ వరకే చూడాలి.

ఖాళీ ఒక మూలన మాత్రమే ఉంటే లోపం బండిదే. చక్రాలను బండికి కలిపే చేతులు అతికించేటప్పుడు ఒకటి పైకి ఉండిపోయింది. జిగురు పూర్తిగా గట్టిపడకముందే బండిని అద్దం పలకమీద నిలబెట్టి సరిచూసుకుంటే ఈ తప్పు జరగదు. జరిగిపోయి ఉంటే, ఆ చక్రం కింద పడే నేలనే కొంచెం ఎత్తు చేసి, చిన్న రాయి ఎక్కినట్టు చూపించడం తేలిక.

వెలుతురు చెయిన్ పొడవునా సమానంగా ఉంటే, నేల ఎండిన తరువాత బండిని దానిమీద పెట్టారని అర్థం. సెంచూరియన్ ట్యాంకు బరువు సుమారు 50 టన్నులు. అంత బరువు మెత్తటి నేలమీద 5 సెంటీమీటర్లు దిగితే 1:35 స్కేలులో, అంటే అసలుకు 35వ వంతు కొలతలో, అది దాదాపు 1.4 మిల్లీమీటర్లు అవుతుంది. కాబట్టి నేల పచ్చిగా ఉండగానే చెయిన్లకు పలుచటి ప్లాస్టిక్ కాగితం చుట్టి, బండిని ఆ లోతుకు అదిమి తీయాలి, వెనుక వైపు జాడ కూడా అదే లోతులో కొనసాగించాలి. ఎంత లోతు అన్నది మీరు ఎంచుకున్న ఘట్టాన్ని బట్టి ముందే నిర్ణయించుకోవాలి. 1965 సెప్టెంబరులో భారత్-పాకిస్తాన్ యుద్ధంలో అసల్ ఉత్తర్ దగ్గర పొలాలకు నీళ్లు వదలడంతో పాకిస్తాన్ ప్యాటన్ ట్యాంకులు బురదలో దిగబడ్డాయి. అక్కడి ప్యాటన్‌ను గట్టినేలమీద నిలబెడితే ఆ యుద్ధమే కనబడదు. 1971 డిసెంబరు 16న బసంతర్ యుద్ధంలో భారత సైన్యపు సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేతర్‌పాల్ నడిపిన ఫామగుస్తా అనే సెంచూరియన్‌ను చూపించాలనుకుంటే అది శీతాకాలపు నేల, అక్కడ వేరే లోతు, వేరే రంగు కావాలి.

ఇక ఖాళీ మధ్య చక్రాల కింద మాత్రమే ఉండి, ముందు, వెనుక చక్రాలు నేలను గట్టిగా తాకుతుంటే, బండిలో ఏ లోపమూ లేదు. వంగింది మీ అడుగుపలక. ఈ కారణం దగ్గర నేను రెండేళ్లు మోసపోయాను కాబట్టి దీన్ని వివరంగా చెబుతాను.

చెన్నై బెసెంట్ నగర్‌లో మేము ఉండే ఇంటికి సముద్రం దగ్గర. ఒక వేసవిలో 40 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న 6 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ (చెక్కపీచును అదిమి చేసిన) పలకమీద సెంచూరియన్‌ను నిలిపాను. పలక పైభాగానికి వార్నిష్ వేశాను. అడుగు ఎవరికీ కనబడదు కదా అని దానికి ఏమీ వేయలేదు. పైన కాగితపు గుజ్జు, ఫెవికాల్, ప్లాస్టర్ కలిపి దాదాపు సెంటీమీటరు మందంగా నేల పరిచాను. ఆ రోజు కాగితం ఎక్కడా దూరలేదు. నవంబరులో ఈశాన్య రుతుపవనాల వానలు ముదిరాక, మూడవ, నాలుగవ చక్రాల కింద సన్నని వెలుతురు గీత కనబడింది. బండే కదిలిందనుకుని చెయిన్ కింద బురద నింపాను. సంక్రాంతి తరువాత గాలి పొడిబారగానే ఆ బురద పగిలింది. మరుసటి ఏడు కూడా అంతే జరిగింది.

జరిగేది ఇది. పైన పరిచిన గుజ్జు ఎండేకొద్దీ కుంచించుకుంటూ పలక అంచులను తన వైపు లాగుతుంది. వానాకాలంలో వార్నిష్ లేని అడుగుభాగం తేమ పీల్చి ఉబ్బుతుంది, పైభాగం ఉబ్బదు. పైన లాగుడు, కింద ఉబ్బు రెండూ ఒకే దిశలో పనిచేసి, పలక అంచులు పైకి లేచి మధ్యభాగం పల్లెంలాగా కుంగుతుంది. చెయిన్ మాత్రం తిన్నగానే ఉంటుంది. ఆ ఖాళీ అర మిల్లీమీటరే కావచ్చు, కానీ 1:35లో అది అసలు బండి కింద పావుతక్కువ రెండు సెంటీమీటర్ల సందు. 50 టన్నుల బండి కింద అలాంటి సందును కన్ను వెంటనే పట్టేస్తుంది, కారణం మాత్రం చెప్పలేదు.

నాకు ఇది ఆలస్యంగా తెలియడానికి కారణం బేసు అడుగున నాలుగు మూలలా అతికించిన చిన్న వెల్వెట్ బిళ్లలు. అవి నాలుగూ బల్లకు ఆనుతున్నంతకాలం బేసు ఊగదు, కాబట్టి పలక వంగిందన్న అనుమానమే రాదు. చివరకు బండిని తీసి, పలకను తిరగేసి, ఒక స్టీలు స్కేలును మూల నుంచి మూలకు ఆనించాను. మధ్యలో ఆని, రెండు కొసలూ గాలిలో ఊగుతూ నిలిచింది. ఈ పరీక్షను మీరు ఈ రోజే చేయండి.

కొత్తగా మొదలుపెడుతుంటే కనీసం 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ తీసుకుని, పైన, కింద, నాలుగు అంచులు, అంటే ఆరు వైపులా రెండేసి పూతల వార్నిష్ వేసి, పూర్తిగా ఆరనివ్వండి. కోసిన అంచులే ఎక్కువ తేమ పీలుస్తాయి, అక్కడ మరో పూత వేసినా మంచిదే. ఎత్తుపల్లాలను థర్మకోల్ కన్నా గట్టిదైన ఫోమ్ షీటుతో చెక్కి, గుజ్జును మూడు, నాలుగు మిల్లీమీటర్లకు మించకుండా పరచండి. బండిని జిగురుతో అతికించకుండా, లోపల నట్టు అమర్చి అడుగు నుంచి బోల్టుతో బిగించే ఏర్పాటు మొదటే చేసుకుంటే, ఎప్పుడైనా తీసి చూసుకోవచ్చు.

ఇప్పటికే వంగిన పలకను వాన తగ్గిన పొడి రోజుల్లో కొన్ని రోజులు ఆరనిచ్చి, అడుగున అడ్డంగా రెండు రీపర్లు (చెక్కబద్దలు) స్క్రూలతో నెమ్మదిగా, ఒక్కొక్క స్క్రూకు కొంచెం కొంచెం చొప్పున బిగించండి. నేలమీద సన్నటి పగుళ్లు రావచ్చు, వాటిని తరువాత పూడ్చుకోవచ్చు. పలక సమానమయ్యాక అడుగుకు, రీపర్లకు కూడా వార్నిష్ వేయండి. చెయిన్ల కింద బురద నింపవలసినది ఇవన్నీ అయ్యాకనే.

మిగిలినవి చిన్న విషయాలు. రాళ్లు మరీ పెద్దవిగా కనబడుతుంటే, 1 మిల్లీమీటరు ఇసుకరేణువు ఈ స్కేలులో మూడున్నర సెంటీమీటర్ల రాయి అని గుర్తుంచుకుని, ఇసుకను టీ వడపోత జల్లెడలో పట్టండి. మెరీనా నుంచి తెచ్చిన ఇసుకమీద వానాకాలంలో తెల్లటి పొర తేలితే అది ఉప్పు. ఇసుకను మంచినీళ్లలో నాలుగైదుసార్లు కడిగి ఎండబెట్టి వాడాలి. దృశ్యం బొమ్మల కొలువులా బిగుసుకుపోయినట్టు ఉంటే బండిని బేసు అంచుకు సమాంతరంగా కాకుండా పదిహేను, ఇరవై డిగ్రీలు తిప్పి పెట్టండి. బండి బాడీయే మెలితిరిగి రావడం చాలా అరుదు, స్టీలు స్కేలు పరీక్ష అయ్యేవరకు దాని గురించి ఆలోచించనక్కరలేదు.