సూపర్‌ఛార్జర్ పాఠాలు – 4: పుల్లీ పది మిల్లీమీటర్లు తగ్గితే

సూపర్‌ఛార్జర్ అంటే ఇంజన్‌లోకి ఎక్కువ గాలిని తోసే బ్లోయర్. ఇంజన్ క్రాంక్ షాఫ్ట్ మీది పుల్లీ బెల్టుతో దీన్ని తిప్పుతుంది, బ్లోయర్ పుల్లీ చిన్నదైతే ఇది ఇంకా వేగంగా తిరుగుతుంది. బాలానగర్‌లో ఒక లేత్ షాపులో మొదటిసారి అలాంటి చిన్న పుల్లీ చేయించడానికి నిలబడ్డప్పుడు, నేను కాగితం మీద "84 నుంచి 74" అని రాసి ఇచ్చాను. లేత్ షాపాయన పాత పుల్లీని చేతిలో తిప్పి చూసి అడిగాడు: "ఈ కొలత బెల్టు కూసునే కాడిదా అన్నా, అంచు కాడిదా?" నేను కొలిచింది అంచు. బెల్టు కూర్చునే చోట వెర్నియర్ పెడితే 80 వచ్చింది. ఇంట్లో రెండు రోజులు కూర్చుని వేసిన లెక్కంతా అక్కడే పోయింది.

కాబట్టి ఈ పాఠంలో మొదటి పని కొలవడం. గాడులున్న పుల్లీకి రెండు వైపులా ఎత్తైన అంచులుంటాయి. వాటిని వదిలేసి, గాడుల శిఖరాల మీద కొలవండి. క్రాంక్ పుల్లీని కూడా అలాగే. టేపుతో కాదు, వెర్నియర్‌తోనే.

పుల్లీల సంగతి తెలియాలంటే కుట్టుమిషన్ చాలు. కాలితో తొక్కితే కింద పెద్ద చక్రం ఒక చుట్టు తిరిగేలోపు పైన చిన్న చక్రం చాలా చుట్లు తిరుగుతుంది. కింది చక్రం మన క్రాంక్ పుల్లీ, పై చక్రం బ్లోయర్ పుల్లీ. క్రాంక్ 160 మి.మీ., బ్లోయర్ 80 మి.మీ. అనుకుందాం. నిష్పత్తి 2. ఇంజన్ 6000 ఆర్‌పీఎం మీద ఉంటే బ్లోయర్ 12,000 మీద ఉంటుంది. ఇప్పుడు 80 తీసి 70 పెడితే నిష్పత్తి 2.29 అవుతుంది, బ్లోయర్ 13,700 దాటుతుంది.

ఇక్కడ చాలామంది ఒక చోట పడతారు. పుల్లీ తగ్గింది 12.5 శాతం, కానీ వేగం పెరిగింది 14.3 శాతం. 80ని 70తో భాగించాలి, 70ని 80తో కాదు. పుల్లీ అమ్మేవాళ్లు "15 శాతం పుల్లీ" అంటే అది ఏ శాతమో అడిగి తెలుసుకోండి.

ఇక అసలు సంగతికి వద్దాం. వేగం 14.3 శాతం పెరిగితే బూస్ట్ (ఇంజన్‌లోకి వెళ్లే గాలికి బయటి గాలి కన్నా అదనంగా ఉండే ఒత్తిడి) కూడా 14.3 శాతమే పెరుగుతుందా? పెరగదు, అంతకన్నా చాలా ఎక్కువ పెరుగుతుంది. ఎందుకో చూద్దాం.

ఈటన్ ఎం45 బ్లోయర్ ఒక చుట్టుకు 45 ఘనపుటంగుళాల గాలిని, అంటే సుమారు 0.74 లీటరును తోస్తుంది. ఇది రూట్స్ రకం. తనలో తాను గాలిని నొక్కదు, పారతో ఎత్తిపోసినట్టు అవతలికి పోస్తుంది, అంతే. 1.8 లీటర్ల ఫోర్ స్ట్రోక్ ఇంజన్ క్రాంక్ ఒక చుట్టుకు తాగేది 0.9 లీటరు. నిష్పత్తి 2 అయితే బ్లోయర్ పోసేది 1.48 లీటర్లు. 0.9 పట్టే చోట 1.48 కుక్కితే ఒత్తిడి 1.64 రెట్లవుతుంది.

దేనికి 1.64 రెట్లు? బయటి గాలి ఒత్తిడికి. హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తులో ఉంది. ఇక్కడ గాలి ఒత్తిడి 13.8 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) దగ్గర ఉంటుంది, విశాఖ బీచ్ రోడ్డులో 14.7. మన దగ్గర 13.8ని 1.64తో హెచ్చిస్తే 22.6. అందులోంచి బయటి 13.8 తీసేస్తే మీటరు చూపే బూస్ట్ 8.8. 70 మి.మీ. పుల్లీతో ఆ 22.6 కాస్తా 14.3 శాతం పెరిగి 25.8 అవుతుంది, మీటరు మీద 12. అంటే బూస్ట్ మూడో వంతుకు పైగా పెరిగింది. పుల్లీ పెంచేది మొత్తం ఒత్తిడిని. మీటరేమో బయటి గాలిని తీసేసి మిగిలింది చూపిస్తుంది.

ఈ లెక్కలో ఇంజన్ పూర్తిగా నిండుతుందనీ, బ్లోయర్‌లో లీకు లేదనీ, ఇంటర్‌కూలర్ (బ్లోయర్ నుంచి వచ్చే గాలిని చల్లబరిచేది) వేడినంతా లాగేస్తుందనీ అనుకున్నాం. నిజం కారులో ఈ మూడూ కుదరవు. అందుకే మీ కారుకు పై లెక్క వద్దు, ఇది వాడండి: ఇప్పుడు మీటరు చూపే గరిష్ఠ బూస్ట్‌కు 13.8 కలపండి, పాత పుల్లీ సైజుతో హెచ్చించి కొత్త సైజుతో భాగించండి, మళ్లీ 13.8 తీసేయండి. ఇదీ అంచనానే, కానీ పని నడిచే అంచనా. విశాఖలో ఉన్న స్నేహితుడు అదే కారుకు, అదే పుల్లీకి ఎక్కువ బూస్ట్ చెబితే కుళ్లుకోకండి, ఆయన 14.7 నుంచి మొదలుపెట్టాడు.

సెంట్రిఫ్యూగల్ రకానికి (ఫ్యాన్ లాంటి చక్రంతో గాలిని విసిరే బ్లోయర్‌కు) ఈ సూత్రం పనికిరాదు. అక్కడ బూస్ట్ దాదాపు వేగపు వర్గంతో పెరుగుతుంది. పై ఆర్‌పీఎంలో దూకుతుంది, కింద తేడా పెద్దగా తెలియదు. దానికి వేరే పాఠం ఉంది.

ఇప్పుడు వేడి. మే నెలలో 40 డిగ్రీల గాలిని రూట్స్ బ్లోయర్ 1.64 రెట్ల ఒత్తిడికి తోస్తే, దాని సామర్థ్యం 55 శాతం అనుకుంటే, బయటికి వచ్చే గాలి 125 డిగ్రీల దగ్గర ఉంటుంది. 70 మి.మీ. పుల్లీతో 150 దాటుతుంది. వేగం పెరిగేకొద్దీ సామర్థ్యం కూడా కాస్త జారుతుంది కాబట్టి అసలు సంఖ్య ఇంకా పైనే. ఇంటర్‌కూలర్ దీన్ని మోయలేకపోతే నాకింగ్ (సిలిండర్‌లో ఇంధనం తనంతట తానే అంటుకోవడం) మొదలవుతుంది, ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) స్పార్క్ టైమింగ్ వెనక్కి లాగుతుంది, మీరు డబ్బిచ్చి కొన్న బూస్ట్ ఇంజన్ వేడి కింద పోతుంది. మామూలు పెట్రోలు పోసి 12 పీఎస్ఐ అడగకండి. ఇంజెక్టర్లు, ఈసీయూ మ్యాప్ (ఎంత ఇంధనం, ఎప్పుడు స్పార్క్ అనే పట్టిక) చూడకుండా పుల్లీ ఒక్కటే మార్చే మెకానిక్ దగ్గరికి నేనైతే వెళ్లను. కొన్ని కార్లలో ఈసీయూనే బైపాస్ తెరిచి, పెంచిన బూస్ట్‌ను వదిలేస్తుంది. అప్పుడు పుల్లీ మార్చినా మీటరు కదలదు.

బెల్టు సంగతి చిన్నదే కానీ మర్చిపోతారు. పుల్లీ 10 మి.మీ. తగ్గితే, బెల్టు దాని చుట్టూ సగం తిరుగుతుంది కాబట్టి, సుమారు 16 మి.మీ. బెల్టు మిగిలిపోతుంది. టెన్షనర్ (బెల్టును బిగుతుగా ఉంచేది) అంత లాక్కోగలిగితే సరే, లేకపోతే పొట్టి బెల్టు కావాలి. బెల్టు వీపు మీద 6పీకే 2100 అని ఉంటే, ఆరు గాడులు, పొడవు 2100 మి.మీ. అని. రాణిగంజ్ షాపుల్లో ఈ నంబరు చెబితే చాలు, కారు పేరు చెప్పక్కర్లేదు. పుల్లీ చుట్టూ నల్లటి పొడి కనిపిస్తే బెల్టు జారుతున్నట్టే.

బ్లోయర్ పుల్లీ తగ్గించే బదులు క్రాంక్ పుల్లీ పెంచవచ్చు కదా అని అడుగుతారు. అదే బెల్టు మీద ఆల్టర్నేటర్, ఏసీ కంప్రెసర్ ఉంటే అవీ వేగం పెంచుకుంటాయి. పైగా చాలా క్రాంక్ పుల్లీల లోపల రబ్బరు డాంపర్ ఉంటుంది. దాన్ని తీసి గట్టి అల్యూమినియం ముక్క బిగిస్తే క్రాంక్ షాఫ్ట్ అదురు ఆపే దిక్కుండదు. అన్నట్టు, బండి తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్‌కు భిన్నంగా మార్పులు చేయకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అంటుంది. అది తెలిసే చేయండి. పరీక్ష డైనో (బండిని ఒకే చోట నిలిపి నడిపి శక్తి కొలిచే యంత్రం) మీద చేయండి, ఔటర్ రింగ్ రోడ్డు మీద కాదు.

నేను చేయించిన ఆ పుల్లీని బ్యాలెన్స్ చేయించకుండానే బిగించాను. పై ఆర్‌పీఎంలో ఈగ ముసిరినట్టు సన్నటి రొద. మూడో రోజే విప్పేశాను. నిమిషానికి 13,000 చుట్లు తిరిగే దాన్ని బ్యాలెన్స్ చేయకపోతే బ్లోయర్ ముందు బేరింగ్ ఎక్కువ రోజులు బతకదు.

ఇంటిపని. కారు హైదరాబాద్‌లో ఉంది, మీటరు గరిష్ఠంగా 8 పీఎస్ఐ చూపుతోంది, బ్లోయర్ పుల్లీ 68 మి.మీ. దాన్ని 64 చేస్తే మీటరు ఎంత చూపాలి? మీకు 8.5 వస్తే 13.8 కలపడం మర్చిపోయారు. 9.4 దగ్గర వస్తే వచ్చే పాఠంలో ఇంటర్‌కూలర్ తెరుద్దాం.